రేపల్లెలో నా పొట్ట డాన్సు

కాలువలో మోకాలి లోతు దిగి, దోసిట నీళ్ళు పట్టి చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే నా మీసం ఊడిపోవాలి. ఆ మీసం ఇంకా సరిగ్గా రాని వయసులో, డెబ్భైల మొదట్లో, తెనాలిలో ఒక నాటక సమాజంలో తెర తాడు లాగేవాణ్ణి.

నాటకానికి ముందు క్లబ్ డాన్సు లేకపోతే జనం కూర్చోని కాలం. మా డాన్సరమ్మ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఊరూరా ఆటలు కుదిర్చే కాంట్రాక్టరు నన్ను ఎగాదిగా చూశాడు.

"నడుం బానే ఉందిరా నీకు. రేపల్లెలో పొట్ట డాన్సు నువ్వాడు. ఈల పడిందా, వేషాలిస్తా. పడలేదా, చచ్చేదాకా ఆ తాడే నీకు."

వేషం ఇస్తానంటే నిప్పుల్లోనైనా దూకేవాణ్ణి. రైలెక్కి బాపట్ల వెళ్ళాను. మద్రాసులో సినిమా గుంపు డాన్సుల్లో ఆడివచ్చిన దూరపు అత్తయ్య అక్కడ ఉండేది.

"మగాడివి, నీకు పొట్ట డాన్సేంట్రా!" అని పడీపడీ నవ్వింది. "సరే, పడుకో."

"పడుకోవడమేంటత్తయ్యా?"

"నుంచుంటే నడుమే ఊగుద్ది. పొట్ట మాట వినాలంటే ముందు పడుకునే నేర్చుకోవాలి."

వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద నీళ్ళ చెంబు పెట్టింది. అది తొణక్కుండా పైకి లేచి దిగాలి. మొదట్లో నీళ్ళన్నీ నా చెవుల్లోకే పోయాయి. పోనుపోను ఆ చెంబు కృష్ణలో పడవలా ఊగేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చూడవచ్చేవారు. "ఇక రేపట్నించి నుంచుని చేద్దాం" అంది అత్తయ్య. ఆ రేపే కబురొచ్చింది, ఆట ముందుకు జరిగింది, వెంటనే రేపల్లె రమ్మని.

ఘాగ్రా, గాజులు, పెదాలకు రంగు. నాటకంలో తండ్రి ప్రాణం విడిచే నవ్వారు మంచం అప్పటికే వేదిక వెనకభాగాన వేసి ఉంది. డ్రమ్ములు మోగాయి. పొట్టని పిలిచాను. పలకలేదు. నుంచుని ఆడటం దానికెవరు నేర్పారు గనక!

"చాల్లే అమ్మాయ్, దిగు! నాటకం వెయ్యండయ్యా!" అని జనం.

పక్కతెర చాటునుంచి కాంట్రాక్టరు తాడు ఊపి చూపించాడు.

అప్పుడు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఠీవిగా నడిచి వెళ్ళి మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. పొట్ట లేచింది! అలలు, సుడిగుండాలు! కింద కూర్చున్నవాళ్ళకి కనపడక ముందువరస లేచింది.

"కూర్చోండి బాబాయ్!"

"నువ్వు కూర్చో, మాకేం కనపట్టం లేదు!"

భట్టిప్రోలు నుంచి బళ్ళు కట్టుకొచ్చినవాళ్ళు ఆ బళ్ళే ఎక్కి నుంచున్నారు. చివరికి ఇద్దరు నటులు వచ్చి, మంచాన్ని వెనకవైపు ఎత్తి జనం వైపు వంచి పట్టుకున్నారు. ఇక ఈలలే ఈలలు! స్టేషన్లో డ్రైవరు అవి గార్డువేననుకుని బండి కదిలించేశాడు. "ఒన్స్ మోర్" అన్నప్పుడల్లా మళ్ళీ ఆడాను. మర్నాటికి తాడు ఇంకొకడి చేతికి, వేషాలు నా చేతికి వచ్చాయి.

ఒక్కటి కల్పించాను. రైలుబండి సంగతి కాదు, అది నిజం. మెరుపులాంటి ఆలోచన మాత్రం రాలేదు. పారిపోదామని వెనక్కి జరుగుతుంటే మంచంకోడు తగిలి దాని మీదే వెల్లకిలా పడ్డాను. లేవబోతే ఘాగ్రా నవ్వారులో చిక్కుకుంది. బతుకు తాడుకే అంకితమైపోయిందని వెక్కివెక్కి ఏడ్చాను. మొదటి ఈల పడింది ఆ వెక్కిళ్ళకే. విద్య గుర్తొచ్చింది ఆ తర్వాత. ఈ మాట కాంట్రాక్టరుకి ఇవాళ్టికీ చెప్పలేదు.