కుడి తలుపు లోపల

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను అమీర్‌పేటలో మైత్రీవనం ముందు రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాను. చేతిలో ఇత్తడి మేకుల పొట్లం ఉంది. ఆసుపత్రి మంచం మీద నుంచి ఆయన తెమ్మన్నది అవే. ఇనుప మేకులు కొడితే వాటి చుట్టూ మళ్లీ తుప్పు పడుతుందని, కుడి తలుపుకు ఇత్తడివే కావాలని ముందురోజు చెప్పి పంపాడు.

"మీ బావ పోయిండు రా తమ్ముడు," అంది అక్క. అంతే. ఏడవలేదు. వారాల తరబడి ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని ఆమెకు ఏడ్చే ఓపిక కూడా లేకుండా పోయింది. నేనూ ఏడవలేదు. కోచింగ్ వదిలిన పిల్లలు బ్యాగులు తగిలించుకుని నన్ను తోసుకుంటూ పోతున్నారు. పాంప్లెట్లు పంచే అతను ఏదో కంప్యూటర్ కోర్సు కాగితం నా చేతిలో పెడితే, అదీ పుచ్చుకుని అలాగే నిలబడ్డాను. చాలాసేపటికి గాని రోడ్డు దాటలేదు.

ఆయన మా అక్క భర్త. పాత బండ్లకు రేకు పని చేసే డెంటింగ్ మేస్త్రీ. నేను వడ్రంగిని. పంజాగుట్ట వెనక గల్లీలో, ఒక ఆడపిల్లల హాస్టల్ గోడకు ఆనుకుని ఉన్న షెడ్డులో మా ఇద్దరి జీవితం గడిచిపోయింది. కారుకు వడ్రంగితో ఏం పని అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది గాని మీకు చెప్పక తప్పదు. మా దగ్గరికి వచ్చేవి అచ్చులో వేసి తీసిన బండ్లు కావు. వెనకటి రోజుల్లో కంపెనీ ఇంజనూ చక్రాలూ మాత్రమే ఇచ్చేదట. పై ఒళ్లంతా వేరే కార్ఖానాలో చేత్తో కట్టేవారు. వడ్రంగి చెక్కతో చట్రం చేస్తే, మేస్త్రీ దాని మీద రేకు పరిచి, సుత్తితో వంపులు తీసి, అంచులు మడిచి మేకులు కొట్టేవాడు. అలాంటి బండ్లు ఇప్పుడు ఎక్కడో ఒకటీ అరా మిగిలాయి. మా గల్లీకి చేరేసరికి లోపలి చెక్క చివికి, పై రేకు జల్లెడ అయిపోయి ఉంటుంది. చెక్క నా వంతు, రేకు ఆయన వంతు.

తుప్పుతో పని చేసి చేసి మనిషి అలిసిపోతాడు. ఒకచోట గీకితే పక్కన ఇంకోచోట రాలుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతుంది. బావ మాత్రం బండి రాగానే పనిముట్లు తీసేవాడు కాదు. చుట్టూ తిరుగుతూ వేలి కణుపుతో తట్టి చెవి పెట్టేవాడు. బతికున్న రేకుది ఒక చప్పుడు, చచ్చిన రేకుది ఇంకో చప్పుడు. చచ్చినంత మేర సుద్దతో గీత గీసి, ఆ గీత వరకే కోసి, అంతే ముక్క కొత్తది అతికేవాడు. ఒక్కో తలుపు అతుకుల బొంతలా తయారయ్యేది. నాకు ఓపిక తక్కువ.

"మొత్తం పీకేసి కొత్త రేకు ఎయ్యి బావా. ఇద్దరం జల్ది ఇంటికి పోయి పండుకుందం," అనేవాడిని.

"ఏస్త బామ్మర్ది. నీకు మోకాలు నొస్తున్నది కదా, మీ అక్కకు చెప్పి కాలు సుత కొత్తది ఏయిస్త," అనేవాడు. మళ్లీ రేకు తడుతూ, నాకు కాదన్నట్టుగా, "బతికున్నదాన్ని ఎట్ల కోస్తం రా," అనేవాడు. ఈ రెండో మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

మా పనిలో తలుపు మూయడం అని ఒక మాట ఉంది. పై రేకును చట్రానికి తొడిగి, అంచులు మడిచి, మేకులు కొట్టడం. ఒకసారి మూస్తే లోపలి వైపు ఇక ఎవరికీ కనపడదు. మళ్లీ ఏ మనవల కాలంలోనో తుప్పు పట్టి విప్పితే తప్ప. అందుకే మూసే ముందు బావ ఒక పని చేసేవాడు. సుత్తి పక్కన పెట్టి, అరచేయి తువ్వాలుకు తుడుచుకుని, తలుపు లోపల మెల్లగా తడిమేవాడు. అక్కడ ఆ బండిని మొదట కట్టిన మేస్త్రీ సుత్తి దెబ్బలు వరసలుగా ఉంటాయి. బతికి బయటపడ్డ రేకు మీద ఆ దెబ్బలను ఆయన ఎప్పుడూ చదును చేయలేదు. బయట నున్నగా ఉండాలి, లోపల మాత్రం పాతాయన పని పాతాయనకే వదిలేయాలి. ఏ బండిదైనా సరే, ఆ పాతాయనకు బావ పెట్టుకున్న పేరు లోపటాయన.

"లోపటాయన ఎడమచెయ్యోడు రా. చూడు, దెబ్బలన్నీ గిటు ఒరిగినయ్," అనేవాడు. ఒక్కోసారి ఆయనతో గొడవ పడేవాడు. "ఏందయ్యా పెద్దమనిషి, గీడ రేకు గింత సాగదీసినవ్, ఇంటికి పోయే తొందరనా?" అని తలుపులో తల పెట్టి అడిగేవాడు. నన్ను కూడా చెయ్యి పెట్టమనేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఆయన మర్చిపోతే నేనే గుర్తుచేసేవాడిని.

మేం కొత్తలో చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక బండికి ఎడమ తలుపు కొంచెం బాగుండి, కుడి తలుపు పూర్తిగా పోయింది. ఇద్దరం తెలివిగా ఎడమదాని కొలతలు అట్ట మీద గీసి, అట్టను తిరగేసి కుడి తలుపు చేశాం. చెక్క నేను చిత్రిక పట్టాను, రేకు ఆయన వంచాడు. ముచ్చటగా వచ్చింది. తీరా బిగిస్తే అది పట్టలేదు. పైన సందు, కింద ఒరిపిడి. అరగదీశాం, అతికాం, చలికాలమంతా దానికే పోయింది. చివరికి బావ బండి ముందు కింద కూర్చుని, రెండు వైపులా మార్చి మార్చి చూసి, తలకాయ పట్టుకున్నాడు. ఆ బండిని కట్టిన రోజున ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు చేసి ఉంటారు. రెండు పక్కలూ ఎప్పుడూ ఒకటి కావు.

"రెండు దిక్కుల ఒక తీరు ఉండేది ఫ్యాక్టరీ బండి బామ్మర్ది. గిది చేతి బండి," అన్నాడు. ఆ తలుపు తీసి పక్కన పడేసి మొదటి నుంచి మొదలుపెట్టాం. అప్పట్నుంచి ఏ బండి వచ్చినా ఎడమను ఎడమగా, కుడిని కుడిగా కొలిచాం.

పుట్టీ అంటే ఆయనకు మంట. సొట్ట మీద పుట్టీ పూసి రంగు కొట్టేవాళ్లను మేస్త్రీలనేవాడు కాదు, మేకప్ మ్యాన్లు అనేవాడు. ఆయన కొట్టే తీరు కూడా వేరు. రేకు మీద రెండు దెబ్బలు, వెనక పట్టుకున్న ఇనుప దిమ్మ మీద ఒక ఉత్త దెబ్బ. ఆ ఉత్త దెబ్బ ఎందుకని అడిగితే, చెయ్యి ఊపిరి తీసుకుంటదన్నాడు. హాస్టల్ పిల్లలకు పరీక్షలుంటే మాత్రం సుత్తి ముట్టేవాడు కాదు. ఆ రోజుల్లో కూర్చుని గరుకు కాగితంతో తుప్పు రుద్దేవాడు. చప్పుడు లేని పని అది, దుమ్ము మాత్రం విపరీతం. ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు గాని అది ఏపాటి అడ్డం? ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు చెప్పినప్పుడు ఆ తువ్వాలే నాకు గుర్తొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

చివరి బండి సోమాజిగూడలో ఉండే ఒక రిటైర్డ్ డాక్టరుది. కోస్తా మనిషి, వాళ్ల తాతగారి నాటి బండి. ఏళ్ల తరబడి వానకు నానిన ఒళ్లు. అన్నీ అయ్యి కుడి తలుపు ఒక్కటే మిగిలింది. బావ అప్పటికే నాలుగు దెబ్బలకోసారి ఆగుతున్నాడు. వద్దంటే వినలేదు. స్టూలు మీద కూర్చుని కొట్టాడు. రేకు చివరి వరస దాకా వచ్చి, సుత్తి ఒళ్లో పెట్టుకుని, "ఇగ రేపు చేస్త," అన్నాడు. మర్నాడు ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ కూడా ఆయన వేలు మంచం కడ్డీ మీద రెండు తట్టి, ఒకసారి ఊరికే ఆగేది. "తలుపు మూసేటప్పుడు నన్ను పిలువు," అన్నాడు నాతో. పిలుస్తానన్నాను.

పంజాగుట్ట శ్మశానంలోనే దహనం చేశాం. దినాలు అయ్యాక షెడ్డు తాళం తీస్తే తలుపు బల్ల మీద అలాగే ఉంది. నాకు కొట్టరాదు. బోరబండలో బావతో పాటు పని నేర్చిన ఇంకో మేస్త్రీ ఉన్నాడు, మేం భాయ్ అంటాం. ఆయన్ని పిలిపించాను. భాయ్ బయటి వైపు అరచేత్తో రాసి, హ్యాండిల్ కిందికి వచ్చేసరికి ఆగాడు.

"గీడ రేకు అల లెక్క లేచింది అన్నా. దెబ్బలు సరిగ్గ పడలే. చెయ్యిల బలం లేనట్టుంది పాపం."

"ఏం చేద్దం భాయ్?"

"ఫికర్ ఎందుకు. జర పుట్టీ పెడితే కనవడది. వద్దంటవా, నేను మల్ల కొడ్త. సాపుగ అయితది."

రెండూ నాకు మింగుడు పడలేదు. పుట్టీ పెడితే బావ పైనుంచి తిడతాడు. మళ్లీ కొడితే ఆయన చివరి దెబ్బలు పోతాయి. అలాగే వదిలేస్తే, ఒక్క వంపు కూడా తప్పని మనిషి పేరు మీద ఒక వంకర మిగిలిపోతుంది. భాయ్ తప్పు చెప్పలేదు, మంచి పనివాడు అదే చెబుతాడు. నేను బల్ల పక్కన కూర్చుండిపోయాను. ఎవరైనా వచ్చి ఇది నా బదులు తేలిస్తే బాగుండుననిపించింది. ఆ మాటే ఫోన్లో అక్కకు చెప్పాను.

మధ్యాహ్నం అక్క వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె టిఫిన్ డబ్బా ఇచ్చి గేటు దగ్గరి నుంచే తిరిగి వెళ్లేది, లోపలికి వచ్చింది లేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే, తలుపు లోపలి వైపు పెట్టింది. మెల్లగా పై నుంచి కిందికి తడిమింది. కింద, చివరి వరస దగ్గర ఆమె వేళ్లు ఆగాయి.

"గీడికి వచ్చేటాల్లకు ఆయాసమొచ్చినట్టుంది," అంది.

భాయ్ తల దించుకున్నాడు.

"బతికున్నదాన్ని కొయ్యొద్దని అంటుండే గదా రా. ముట్టకుండ్రి. గట్లనే మూసెయ్యి," అంది అక్క. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

భాయ్ అంచులు మడిచాడు. మైత్రీవనం ముందు నా చేతిలో మిగిలిపోయిన ఇత్తడి మేకులు నేను కొట్టాను. మూసే ముందు నా చెయ్యి కూడా లోపల పెట్టాను. పైన పాత మేస్త్రీ దెబ్బలు ఒకవైపు ఒరిగి ఉన్నాయి, ఈయనా ఎడమచేతివాటమే. కింద బావవి. మొదటి వరసలు దగ్గర దగ్గరగా, లోతుగా. తర్వాత ఎడం పెరుగుతూ, తేలికవుతూ. ఇక లోపటాయన మా బావే. "బావా, మూస్తున్న," అన్నాను. పిలుస్తానని మాటిచ్చాను కదా.

రంగు అయ్యాక డాక్టరు గారు వచ్చి బండి చుట్టూ తిరిగారు. కుడి తలుపు మీద చెయ్యి వేసి ఆగారు.

"ఇక్కడ కొంచెం ఎగుడుదిగుడుగా ఉందేంటండీ?"

"అక్కడ మా బావకు ఆయాసం వచ్చింది సార్," అన్నాను. ఇంకోలా చెప్పడం నాకు చేతకాలేదు. కావాలంటే సరిచేయిస్తానని కూడా అన్నాను.

ఆయన చెయ్యి తీయలేదు. రోగి ఛాతీ మీద పెట్టినట్టు కాసేపు అలాగే ఉంచారు. "ఉండనివ్వండి," అన్నారు.

ఆ బండి తర్వాత నేను కొత్త పని ఒప్పుకోలేదు. ఒప్పుకుంటానో లేదో కూడా తెలియదు. రెండు దెబ్బలు, ఒక ఉత్త దెబ్బ వినకుండా చిత్రిక పట్టడం నాకు రావడం లేదు. హాస్టల్ పిల్ల ఒకతి గోడ మీంచి, "అంకుల్ ఊరికి పోయిండా? చప్పుడు వస్తలేదు," అని అడిగింది. అవునన్నాను.

బండి వెళ్లిన పొద్దున నేను దాని వెనకే పంజాగుట్ట చౌరస్తా దాకా నడిచాను. మెట్రో స్తంభాల నీడలు దాటి అది సిగ్నల్ దగ్గర ఆగింది. బస్సులు, ఆటోలు, హారన్లు. ఏటవాలు ఎండ కుడి తలుపు మీద పడింది. వెలుగు తలుపంతా సాఫీగా పరుచుకుని, హ్యాండిల్ కింద ఒక్కచోట మాత్రం సన్నగా వణికింది. సిగ్నల్ మారాక బండి కదిలింది. ఆ వణుకు కనపడినంతసేపు చూస్తూ నిలబడ్డాను.