కళ్ళు మూసుకుని వేసిన టాకాలు

ఆ రోజుల్లో మా గోదావరిఖని వెల్డింగు షెడ్డుల్లో ఒకడికి పని వచ్చిందనడానికి ఒకటే గుర్తు. ముఖానికి షీల్డు అడ్డం పెట్టుకోకుండా టాకా వేయగలగాలి. టాకా అంటే ఏమీ లేదు, రెండు ఇనుప ముక్కలు కదలకుండా ముందుగా వేసే చిన్న అతుకు. చోటు చూసుకుని, రాడ్డు ఆనించే ముందు కళ్ళు గట్టిగా మూసుకోవాలి, వెలుగు ఆరాక తెరవాలి. (నేను మూయడంలో ఆలస్యం, తెరవడంలో తొందర చేసేవాణ్ణి. నా జీవితంలో చాలా పనులు అలాగే జరిగాయి.) షీల్డు పెట్టుకునేవాడు మా దృష్టిలో పిరికివాడు, బూట్లు వేసుకునేవాడు ఆఫీసరు. అంత తెలివితక్కువ ధైర్యం ఒక్క మనిషిలో ఎలా పట్టిందా అని ఇప్పుడు ఆశ్చర్యపోతుంటాను.

మా మేస్త్రీని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన రోజూ పొద్దున్నే నా షీల్డును మేకు మీంచి తీసి, దుమ్ము దులిపి, నా పక్కన పెట్టేవాడు. "బేటా, కండ్లు బజార్ల దొరకయి" అనేవాడు. "ఫికర్ చెయ్యకు ఉస్తాద్, నాకు అలవాటే" అని నేను దాన్ని మళ్ళీ మేకుకు తగిలించేవాణ్ణి. ఆయన విసుక్కోకుండా మర్నాడు మళ్ళీ తీసేవాడు.

అప్పుడే ఇంట్లో నా పెళ్ళి మాటలు మొదలయ్యాయి. అమ్మ తెచ్చిన రెండు ఫోటోలను "ఫోటోల ఏం తెలుస్తదే, నేను కండ్లార చూస్తెనే చెప్త" అని తిప్పి పంపాను. మూడోది కాసిపేట సంబంధం. పిల్ల తండ్రి బాయిలో, అంటే భూమి లోపలి బొగ్గుగనిలో పనిచేస్తాడు. నిజానికి ఫోటో చూడగానే నాకు నచ్చింది. కానీ అన్న మాట ఉంది కదా, బెట్టు చేసి ఆదివారం చూపులకు వస్తామని చెప్పించాను. శనివారం తొందరగా ఇల్లు చేరాలన్న ఆత్రంలో ఒక పెద్ద ఇనుప తొట్టికి పొద్దంతా షీల్డు లేకుండానే టాకాలు వేశాను.

ఆదివారం తెల్లవారేసరికి కళ్ళలో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్లుంది. తెరిస్తే నీళ్ళు, మూస్తే మంట. దవాఖానలో చుక్కల మందు వేసి రెండు రోజులు వెలుగు చూడొద్దన్నారు. అమ్మ ఆలుగడ్డ చక్రాలు కోసి కళ్ళ మీద పెడుతూ, "కండ్లార చూస్తనంటివి గదరా, ఇగ చూడు" అంది. వాయిదా వేస్తే వాళ్ళేమనుకుంటారోనని అమ్మ చెయ్యి పట్టుకుని కాసిపేట బస్సెక్కాను.

వాళ్ళింట్లో తలుపుకు ఎదురుగా కూర్చోబెట్టారు. బయటి వెలుగు తగలగానే నా కళ్ళు ధారలు కట్టాయి. "పిలగానికి ఇష్టం లేనట్టుంది, ఏడుస్తుండు" అని పిల్ల చిన్నమ్మ గుసగుసలాడింది. ఇంతలో పచ్చటి మసక ఒకటి నా ముందుకొచ్చి ఆగింది. చాయ్ అనుకుని చెయ్యి చాపితే గాలి తగిలింది. ఆ మసకే కప్పును నా చేతికి అందించి, వెనక్కి తిరిగి అంది: "ఏడ్చుడు కాదు చిన్నమ్మా. వెల్డింగు వెలుగు కొట్టింది. మా అన్నకు గూడ ఐటీఐల గిట్లనే అయింది." తర్వాత నాతో, "మీ కాడ షీల్డు లేదా?"

"ఉంది. మేకుకున్నది" అన్నాను.

పిల్ల నవ్వింది. వాళ్ళ నాన్న నవ్వలేదు. "టోపీ, బూట్లు లేకపోతె మమ్మల్ని బాయిల దిగనియ్యరు. మిమ్మల్ని అడిగేటోడు లేడా?"

"ఉస్తాద్ అడుగుతడు కాకా. నేనే వినను."

"సరే, కబురు చేస్తం" అన్నాడాయన. ఆ మాటకు అర్థం సంబంధాలు చూసిన ప్రతి ఇంటికీ తెలుసు. బయటికొచ్చాక నా చెప్పులు కనబడక తడుముకుంటుంటే, ఆయనే వెతికి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. పట్టీ తెగితే రాగి తీగతో కట్టిన చెప్పులవి. (కొత్తవి కొనుక్కోమని అమ్మ చెప్పింది. చెప్తే వినే వయసా అది?) బస్సులో నాకు కళ్ళ మంట కంటే ఆ నవ్వు మళ్ళీ వినబడదేమోనన్న దిగులే ఎక్కువైంది. సరిగ్గా చూడకుండానే ఆ పిల్లను ఇష్టపడ్డాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, మళ్ళీ షెడ్డుకు వెళ్ళిన రోజు షీల్డును మేకు మీంచి నేనే తీసుకున్నాను. చేతులకు తోలు గ్లౌజులు, ఎదకు తోలు ఏప్రాన్ కూడా తగిలించాను. ఉస్తాద్ రెండు చాయ్‌లు చెప్పాడు.

కబురు రాలేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వంగి పనిచేసుకుంటుంటే పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. "తమ్మీ, మొన్న కాసిపేటకు చూపులకొచ్చిన పిలగాడు ఈడనే పనిచేస్తడట. ఎట్లాంటోడు?"

పిల్ల తండ్రి. షీల్డు వెనక ఉన్నది నేనేనని ఆయనకు తెలియదనుకున్నాను. బంగారం లాంటి పిల్లగాడని చెబుదామని నాలుక దాకా వచ్చింది. ఎందుకో నోరు రాలేదు. గొంతు కొంచెం బొంగురు చేసి, "మొండోడు కాకా. చెప్తె వినకపోయేటోడు. మొన్నటి సంది వింటుండు" అన్నాను.

"తాగుతడా?"

"పండుగకు కల్లు. అంతకుమించి లేదు."

"మా బిడ్డ మీద మనసున్నదా ఏమన్న?"

"మీ ఇంటికాడికి వచ్చి పోయినప్పటి సంది వానికి వేరే ముచ్చటే లేదు."

"మంచిది" అని ఆయన కదిలాడు. గేటు దాకా వెళ్ళి ఆగాడు. "తమ్మీ, ఆ పిలగానికి ఒక మాట చెప్పు. కండ్లకు పెట్టుకుంటె సరిపోదు, కాళ్లకు బూట్లు గూడ కొనుక్కోమను."

తల దించి చూసుకున్నాను. షీల్డు, గ్లౌజులు, ఏప్రాన్, అన్నిటికీ కింద రాగి తీగ కట్టిన చెప్పులు. బాయిలో దిగే మనిషి ముందు ఎదుటివాడి కాళ్ళే చూస్తాడన్న సంగతి నాకేం తెలుసు? మర్నాడే కబురొచ్చింది. పెళ్ళిలో బట్టలతో పాటు మా మామ నాకు ఇనుప ముక్కు బూట్ల జత పెట్టాడు. మంటపంలోనే తొడిగి చూడమన్నాడు కూడా.

ఆ బూట్లు అరిగిపోయి చాలా కాలమైంది. మామ రిటైరయ్యాడు. నేను డ్యూటీకి బయలుదేరితే మా ఆవిడ ఇప్పటికీ ముఖం కంటే ముందు కాళ్ళు చూస్తుంది. అప్పుడప్పుడు, "ఆ ఆదివారం నేను ఏ రంగు చీర కట్టుకున్ననో చెప్పు" అంటుంది. "పచ్చది" అంటాను. "కాదు" అని నవ్వుతుంది. ఏ రంగో ఇంతవరకు చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు. ఎన్నిసార్లు అడిగినా పచ్చదనే అంటాను, ఆ నవ్వు కోసం.