సుద్ద గీత పెట్టని బంతి

పోయినవి ముందు రాస్తాను. పరుపు ఒకటి. ట్రంకు పెట్టె ఒకటి. కువైట్‌లో రిగ్గై అనే పేటలో మా గదిలో ఆరుగురం కలిసి కొన్న ఫ్రిజ్‌లో నా వంతు ఆరో భాగం. ఇంటికని కొన్న దుప్పట్లు రెండు. నాలుగు నెలల జీతం, పదకొండేళ్ల ఉద్యోగం. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టులో ఇవన్నీ పోయాయి. ఇలాంటివి అందరికీ పోయాయి.

విదేశీయుల క్లబ్బులో పచ్చ కార్పెట్ ఊడ్చడం నా పని. దాని మీద తెల్లవాళ్లు బౌల్స్ ఆడేవాళ్లు. చిన్న తెల్ల బంతిని ముందు దొర్లిస్తారు; ఎవరి పెద్ద బంతి దానికి దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు. చదువు ఐదో తరగతితో ఆగినా, దూరాలు కంటితో చూసి అంగుళాల్లో చెప్పడం సొంతంగా నేర్చుకున్నాను. అందుకని లెక్క నన్నే చూడమన్నారు. మా గదిలో వంటచేసే కడప మనిషికి అది నవ్వులాట.

"ఏమప్పా, గుండ్లు దొర్లేది చూసేదానికి జీతమిస్తాండారా? మమ్మల్ని గూడా పిల్చుకోని పో!"

ఆటగాళ్లలో ఐర్లండ్ ఆయన ఒకరు. తన దేశం తరఫున తొమ్మిదిసార్లు ఆడి, ఉద్యోగం కోసం కువైట్ వచ్చారు. ఆ ఏడాది క్లబ్బు పోటీ గెలిస్తే మళ్లీ జట్టులోకి తీసుకునే ఆలోచన చేస్తామని వాళ్ల దేశం నుంచి ఉత్తరం వచ్చింది. యాభై దాటిన మనిషి. మరో ఉత్తరం రాదని ఆయనకు తెలుసు.

ఫైనల్లో ఇరవై, ఇరవై. ఇరవయ్యొకటో పాయింటు ఎవరిదైతే వాళ్లదే గెలుపు. ఆయన బంతి తెల్ల బంతిని తాకి, వెనకున్న చిన్న కాలవలో, ఎదుటాయన బంతికన్నా దగ్గరగానే పడింది. తాకిన బంతికి నేను వెంటనే సుద్దతో గీత పెట్టాలి. గీత ఉంటే కాలవలో పడినా లెక్కకొస్తుంది, లేకపోతే ఆ బంతి లేనట్టే. నేనేమో ఎదుటాయన బంతి ఎన్ని అంగుళాల్లో ఉందో మనసులో కొలుస్తూ నిలబడిపోయాను. సుద్ద జేబులోనే ఉంది.

"తాకిందా?" అని ఐర్లండ్ ఆయన అడిగారు.

చూశానని నేనంటే ఇద్దరూ ఒప్పుకునే అలవాటు మా క్లబ్బులో ఉంది. కానీ ఎదుటాయన నన్ను ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాల మీద సంతకం పెట్టే మేనేజరు. గీత మరిచానంటే పని పోతుందనిపించింది.

"చూడలేదు సార్."

మేనేజరు గెలిచాడు.

వారం తిరక్కుండానే సైన్యం వచ్చింది. తెల్లవాళ్లను పట్టుకుపోతుంటే ఐర్లండ్ ఆయన బ్నీద్ అల్ గార్ అనే పేటలో ఒక ఫ్లాటులో దాక్కున్నారు. రొట్టెలు, టమాటాలు నేనే పట్టుకెళ్లేవాణ్ని. మేము జోర్డాన్ వైపు బయల్దేరే ముందురోజు, బంతి తాకడం చూశానని ఆయనకు చెప్పేశాను.

"తెలుసు ప్రొఫెసర్," అన్నారు. నన్నాయన ఎప్పుడూ అలాగే పిలిచేవారు. "తాకిన చప్పుడు విన్నాను."

"మరి గట్టిగా అడగలేదేం సార్?"

"లెక్క చూసేది నువ్వు. నా లెక్క నేనే చెప్పుకుంటే ఇక ఆటేముంది?"

తన దేశంలోని ఆట సంఘం అడ్రసు కాగితం మీద రాసిచ్చారు.

"ఇల్లు చేరాక జరిగింది రాసి పంపు. దూరం అంగుళాల్లో రాయి. అప్పుడు నమ్ముతారు."

ఎడారి శిబిరంలో పదమూడు రోజులున్నాం. చొక్కా జేబులో కాగితం చెమటకు తడిసి, సిరా కరిగి నీలం మరకయింది. ఊళ్లో ఇద్దరు టీచర్లకు చూపించాను. వాళ్లకూ ఒక్క అక్షరం అందలేదు.

ఆయన క్షేమంగా ఇల్లు చేరారని ఏళ్ల తర్వాత క్లబ్బు మనిషొకడు చెప్పాడు. జట్టులోకి మాత్రం పిలవలేదట.

నేను ఆయనకు ఇవ్వాల్సింది, ఈ రోజు వరకు, ఒక పాయింటు.