గుచ్చుకోని ముల్లు

రైలు రేణిగుంట దాటాక అత్త ఫోన్ చేసింది. "మీ మామ లేస్తాండ్లా పాపా. కాపీ పెట్టి ఎంతసేపయిందో, అట్లనే ఉండాది" అంది. "పడుకోనీలే అత్తా" అని పెట్టేశాను. నేను శ్రీకాళహస్తిలో సైన్సు టీచర్ని. తిరుపతి నుంచి రోజూ ఆ రైల్లోనే వెళ్తాను, ఆ టైముకు నా తలలో ఆ రోజు పాఠం తప్ప ఇంకేమీ ఉండదు. ఏర్పేడు దగ్గరపడ్డాక గానీ అత్త మాట నా బుర్రకు ఎక్కలేదు. ఎక్కగానే స్టేషన్లో దిగేసి, బస్సు పట్టుకుని వెనక్కి వచ్చాను. అప్పటికే మామ ఇంటి ముందు చెప్పులు నిండిపోయి ఉన్నాయి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నిద్రలోనే పోయాడు. పుణ్యాత్ముడు, ఏ బాధా పడలేదు అని వచ్చినవాళ్లంతా అన్నారు. ఆయన బాధపడ్డాడో లేదో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మామ కట్టుడు పళ్లు చేసేవాడు. పళ్ల డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపితే, మేడ కింద గదిలో కూర్చుని, మైనంతో చిగుళ్లు మలిచి, సున్నపు ముద్దలాంటి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, గులాబీ రంగు పొడిని ఘాటైన ద్రవంలో కలిపి పోసేవాడు. ఆ వాసన మా సందు మొదట్లోకే వచ్చేది. బోర్డు లేదు, అవసరమూ లేదు. మా వీధి ముసలివాళ్లు పళ్ల సెట్టు గీసుకుంటోందనో వదులైందనో డాక్టరు దగ్గరికి పోకుండా నేరుగా మామ దగ్గరికొచ్చి నోరు తెరిచి కూర్చునేవాళ్లు. ఆయన పోయిన రోజు ఆ వాకిట్లో ఏడ్చిన నోళ్లలో సగం పళ్లు ఆయన చేసినవే. మామ ఉండి ఉంటే ఆ మాట తనే అని నవ్వించేవాడు.

వారమంతా పళ్లు, ఆదివారం చేపలు. గాలం వేయడానికి వానపాములు, పిండి ముద్దలు మామకు నచ్చవు. బొమ్మచేప కావాలి. చిన్న చేపలా కనపడి, లాగితే తోకాడిస్తూ ఈదే ఉత్తుత్తి చేప. అంగళ్లలో దొరికేవి ఆయన కంటికి ఆనేవి కావు. పళ్లకు వాడే మైనంతోనే చేపను మలిచి, ఆ ప్లాస్టర్‌లోనే అచ్చు తీసి, ఆ గులాబీ పిండే పోసేవాడు. పైన వేసే రంగు మాత్రం అత్తది. అత్త గోళ్ల రంగు సీసా కనపడలేదంటే ఎక్కడ వెతకాలో ఇంట్లో అందరికీ తెలుసు. చీరల నుంచి రాలిన చమ్కీలు పొలుసులయ్యేవి, నల్లపూసలు కళ్లయ్యేవి.

ఇంతా చేసి మామ చేప తినడు. ముళ్లు ఏరుకునే ఓపిక లేదంటాడు. ఊరందరి నోళ్లకూ పళ్లు చేసే మనిషి ముళ్లకు జంకడం ఏంటని మేం ఎన్నిసార్లు ఏడిపించామో. పట్టిన చేపను చెరువు గట్టునే ఎవరి చేతిలోనో పెట్టి, అది ఎరను కొట్టినప్పుడు గాలం కర్ర ఎట్లా వంగిందో ఇంటికొచ్చి చేత్తో చూపించేవాడు. పులికాట్ వెళ్లి వచ్చాడంటే ఆ కర్ర ఇంకో రెండు రోజులు వంగుతూనే ఉండేది.

బీఎడ్ అయ్యాక నాకు రెండేళ్లు ఉద్యోగం రాలేదు. చుట్టాలు ఎవరొచ్చినా "ఏమైంది పాపా పరీక్ష?" అనేవాళ్లు. ఇంట్లో ఉండలేక మామ గదికి పోయి కూర్చునేదాన్ని. ఆయన ఒక్కరోజు కూడా పరీక్ష గురించి అడగలేదు. "ఈ అచ్చుకు సబ్బు నీళ్లు పూయి పాపా, అంటుకోకుండా" అని కుంచె చేతిలో పెట్టేవాడు. ఆ రెండేళ్లూ నేను మనిషిగా నిలబడ్డానంటే ఆ కుంచె వల్లే. ఇది ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు.

బొమ్మచేపలో కష్టమంతా ముల్లు దగ్గరే. గాలానికి ఉండే ఇనప ముల్లు చేప పొట్టలో ఇమిడిపోయి ఉండాలి, కొన బయటికి రావాలి. అందుకని అచ్చులో ముల్లు ఆకారంలోనే సన్నటి కాలువ గీసేవాడు. ముల్లును ఆ కాలువలో పడుకోబెట్టి, రెండు సగాలూ మూసి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, పైనున్న కంతలోంచి పిండి పోయాలి. "ముందే సరిగ్గా పెట్టాల పాపా. గట్టిపడినాంక కదిలిద్దామంటే చేపే పగిలిపోతాది" అనేవాడు. పళ్ల గురించీ అదే మాట అనేవాడు.

ఒకరోజు ఏదో పరధ్యానంలో ముల్లు పెట్టకుండానే మూసి పోసేశాను. తెరిచి చూస్తే, పిండి ఆ కాలువలోకి కూడా దిగి గట్టిపడింది. చేప పొట్ట కింద గులాబీ రంగు ముల్లు! మామ నవ్వీ నవ్వీ కూలబడిపోయాడు. వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. "సూడప్పా, మా పాప సేసిన ముల్లు. ఎవుర్నీ గుచ్చదు. చేపకూ నొప్పి ల్యా, మనకూ చేప ల్యా" అన్నాడు. ఆ చేపను పారేయనివ్వలేదు. దీపం పక్కన మేకుకు తగిలించాడు.

రెండేళ్ల కిందట చేతులు వణకడం మొదలైంది. మొదట కాఫీ గ్లాసు, తర్వాత సంతకం. పళ్ల పని తనే మానేశాడు, ఒకరి నోట్లో పెట్టేది కదా అని. బొమ్మచేపలు మాత్రం మానలేదు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఎడమ చేతి బొటనవేలిలోకి ముల్లు దిగి ఉంది. ఆ ముల్లు కొనకు వెనక్కి తిరిగిన చిన్న మొన ఉంటుంది, దిగిందంటే వెనక్కి రాదు. ఆసుపత్రిలో డాక్టరు దాన్ని ఇంకా ముందుకు తోసి, అవతలి పక్క నుంచి కోసి తీశాడు. మామ పళ్లు బిగబట్టి, "చేపలకెట్లుంటాదో ఇన్నేండ్లకు తెలిసింది పాపా" అన్నాడు. నేను నవ్వలేదు. ఇంటికి రాగానే ముళ్లన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పోసి, నా బ్యాగులో పెట్టుకున్నాను.

మామ స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. "ఎప్పుడిస్తావు?" అన్నాడు.

"వణుకు తగ్గినాక."

"ఇది తగ్గేది కాదు గదా పాపా."

వినపడనట్టు బ్యాగు జిప్ వేసుకున్నాను.

తర్వాత ఒకసారి ఫోన్ చేశాడు. ఆరో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. "ఒకటియ్యి పాపా. ఒకే ఒకటి. మెల్లగా సేసుకుంటా" అన్నాడు. "చిన్నపిల్లోడి మాదిరి అడగద్దు మామా" అన్నాను. నాకు కుంచె ఇచ్చి కూర్చోబెట్టిన మనిషితో ఆ మాట అన్నాను. "సరేలే, నువ్వు సెప్పినావంటే నా మంచికే గదా" అన్నాడు. ఇంక అడగలేదు. అడగడం లేదు కాబట్టి మరిచిపోయాడనుకున్నాను. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా నేను ఇంత గుడ్డిగా ఉంటానేమో.

పదకొండో రోజు అయ్యాక మామ గది తాళం అత్త నా చేతిలో పెట్టింది. "నువ్వే సర్దు పాపా. నాకు ఆ వాసనకే దుక్కమొస్తాది" అంది. బిస్కెట్ డబ్బా తీసుకునే వెళ్లాను. ఎందుకో తెలియదు, ఇప్పుడైనా ఇద్దామన్నట్టు.

కిటికీ గట్టు మీద బొమ్మచేపలు వరసగా పెట్టి ఉన్నాయి. కొత్తవి. రంగు గీత దాటి పోయింది. ఒకదానికి కన్ను నుదుటి మీద ఉంది. చమ్కీలు కుప్పలుగా ఒకేచోట అంటుకున్నాయి. ఒక్కోదాన్నీ తిప్పి చూశాను. అన్నిటికీ పొట్ట కింద గులాబీ రంగు ముల్లే.

అత్త గడప దగ్గరే నిలబడింది. "ఇవెప్పుడు చేశాడత్తా?" అన్నాను.

"నువ్వు డబ్బా ఎత్తుకపోయినాంక. బజార్లో ముండ్లు కొనుక్కోరాదా, దొరకవా ఏమి అంటే, పాప వద్దనింది గదా అన్నాడు. ముల్లు లేకుంటే ఏమి, మన పాప సేసినట్ల సేస్తా అన్నాడు."

"చెరువుకు పోయేవాడా?"

"పోకుండా! ఆదివారమాదివారం పోయి, ఇసిరి లాక్కోని వచ్చేటోడు. తగల్లేదా అంటే, కొట్టింది గానీ నిలవల్యా అనేటోడు. నీకు మాత్తరం సెప్పొద్దన్నాడు, బాధపడతాదని."

నేను స్టూలు మీద కూర్చున్నాను. చేతిలో ఉన్న చేపకు తోక దగ్గర రంగు లేచిపోయి, సన్నటి పంటి గాట్లు ఉన్నాయి. అంటే చేప నిజంగానే కొట్టింది. కర్ర వంగే ఉంటుంది. వణికే చేతులతో మామ దాన్ని పట్టుకునే ఉంటాడు. తర్వాత చేప జారిపోయి, గాలం తీగ వదులైపోయి ఉంటుంది. ఇంటికొచ్చి ఆ కర్ర ఎట్లా వంగిందో చూపించడానికి నన్ను పిలవలేకపోయాడు.

దాని గులాబీ ముల్లును బొటనవేలికి ఆనించి నొక్కాను. గుచ్చుకోలేదు. మామకు దిగినంత లోతుగా దిగాలని ఇంకా గట్టిగా నొక్కాను. పుటుక్కున విరిగి, గులాబీ రంగు ముక్క అరచేతిలో పడింది.

"ఏమే పాపా, అట్ల ఏడస్తాండావు? ముల్లు గుచ్చుకునిందా?" అంది అత్త.

"లేదత్తా" అన్నాను.