మామయ్య, నేను, బొమ్మ పడవల ఇంజన్లు

పోయిన నెలలో మా ప్రెషర్ కుక్కర్ విజిల్ వేయడం మానేసి పక్కనుంచి బుసకొట్టడం మొదలుపెడితే, దాన్ని సంచిలో వేసుకుని అల్వాల్ బజారులో స్టవ్వులూ కుక్కర్లూ బాగుచేసే దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు మూత తిరగేసి చూసి, సేఫ్టీ వాల్వు దగ్గర ఆవిరి పోతోందని సరిగ్గానే కనిపెట్టాడు గానీ, కొత్త వాల్వు తన దగ్గర లేకపోవడంతో ఆ రంధ్రాన్ని నీళ్ల పైపులకు పెట్టే సీలు ముద్దతో మూసేయడానికి సిద్ధమయ్యాడు. "గిది పెడితే పదేండ్లు పని జేస్తదమ్మా, ఏం పరేషాన్ లేదు" అన్నాడు. నాకు తెలియకుండానే నా గొంతు లేచింది. ఆవిరి పోయే దారి మూసేస్తే అది ఇంకో దారి వెతుక్కుంటుందని, ఆ దారిలో నా మొహం ఉండవచ్చని చెప్పి మూత చేతిలోంచి లాక్కున్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఇంజినీరా అమ్మా?" అని అడిగాడు. కాదని చెప్పి వచ్చేశాను. కాని ఇంటికి చేరేదాకా, డెబ్భై దాటిన ఈ వయసులో కూడా, ఆ ప్రశ్న వేసినందుకు లోలోపల మురిసిపోతూనే ఉన్నాను.

నేను ఇంజినీరును కాను. సికింద్రాబాద్‌లో ఒక డ్రాయింగు ఆఫీసులో ట్రేసర్‌గా చేసినదాన్ని. ఇంజినీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మల మీద పల్చటి మైనపుగుడ్డ పరిచి, నల్ల ఇంకుతో ఒక్క గీత కూడా తప్పకుండా ఎత్తి గీయడం నా పని. చెయ్యి వణికితే రోజంతా చేసిన పని చెడేది. పెళ్లయి బన్సీలాల్‌పేట్‌లోని అత్తవారింటికి వచ్చేనాటికి నాకున్న ఆస్తల్లా ఆ వణకని చెయ్యే. ఆ ఇంట్లో దాని విలువ మొదట గుర్తించింది నా భర్త కాదు, మామయ్య.

మామయ్య రైల్వేలో బాయిలర్ మేకర్‌గా చేసి రిటైరయ్యారు. బాయిలర్ లోపల ఒకరు కూర్చుని రివెట్టు పట్టుకుంటే బయటనుంచి మరొకరు సుత్తితో కొట్టే పని అది. ముప్పై ఏళ్లు లోపల కూర్చున్న మనిషి గనుక ఆయనకు చెవులు దాదాపు పోయాయి, చేతులకు వణుకు వచ్చింది. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినబడదనుకునేవారేమో, మామూలు మాట కూడా మూడిళ్ల అవతలికి వినిపించేట్టు మాట్లాడేవారు. కొత్త కోడలిగా నేను మొదట ఆ గొంతుకు భయపడ్డాను. తర్వాత అలవాటైంది. నా భర్తకు సుత్తికీ పట్టకారుకూ తేడా తెలియదు. పుస్తకాల మనిషి. అందుకని మామయ్య పనిముట్ల పెట్టె ఇంటి వెనక రేకుల వసారాలో తుప్పు పడుతూ ఉండేది.

ఒక గురువారం ఆయన పాతబస్తీలో వారం వారం జరిగే పాతసామాన్ల సంతకు వెళ్లి, గుడ్డలో చుట్టిన ఒక వస్తువు తెచ్చారు. చిలుము పట్టి పచ్చగా, మట్టిగొట్టుకుని, నా గుప్పిట్లో ఇమిడేంత ఉంది. అమ్మినవాడు కుట్టుమిషన్ ముక్క అని చెప్పాడట. మామయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చంటిపిల్లను చూసినట్టు చూస్తూ, "గిది మిషన్ ముక్క గాదు బిడ్డా, ఆవిరి ఇంజన్. అందుల సుత పడవ ఇంజన్. చూడు, చక్రం ఎంత కిందికున్నదో, పీట ఎంత సన్నగున్నదో. పడవ కడుపుల పట్టాలె గద" అన్నారు. పూర్వం దొరల పిల్లలు, ఆ తర్వాత మన మిలిటరీ ఆఫీసర్ల పిల్లలు బంగళా తోటల్లో నీళ్ల హౌజుల్లో వదులుకునే బొమ్మ పడవల్లో అటువంటి ఇంజన్లు ఉండేవని, కంటోన్మెంటు బంగళాలు ఖాళీ అయినప్పుడల్లా అవి పాతసామాన్లలో కలిసిపోయేవని చెప్పారు.

ఆయన మరలు విప్పబోయారు. చెయ్యి వణికి స్క్రూడ్రైవర్ జారింది. రెండోసారీ జారింది. నేను పప్పుకు పోపు పెట్టి వచ్చి, చేతులు తుడుచుకుని, స్క్రూడ్రైవర్ అందుకున్నాను. ఆయన పీట జరిపి నాకు చోటిచ్చారు.

ఆ ఇంజనులో సిలిండరే ఊయలలాగా ఇటూ అటూ ఊగుతుంది. ఊగినప్పుడల్లా దాని చదునైన ముఖం వెనకనున్న ఇత్తడి పలకను ఒరుసుకుంటూ, ఒకసారి ఆవిరిని లోపలికి తీసుకుని, ఇంకోసారి బయటికి వదులుతుంది. ఆ రెండు ముఖాల మధ్య వెంట్రుకంత సందున్నా ఆవిరి అక్కడే కారిపోయి చక్రం తిరగదు. పాత అద్దం పలక మీద పాలిష్ రాసి, ఆ ముఖాన్ని గంధం తీసినంత తేలిగ్గా గుండ్రంగా అరగదీయడం మామయ్య నేర్పారు. గట్టిగా నొక్కితే "నొక్కకు, దాని బరువే దానికి చాలు" అని అరిచేవారు. పక్కింటివాళ్లు మా ఇంట్లో ప్రతి ఆదివారం గొడవలనుకున్నారట, తర్వాత ఎప్పుడో చెప్పి నవ్వారు. మా అత్తయ్య మాత్రం ఇత్తడి పొడి ఎక్కడ పప్పులో పడుతుందోనని, నేను వంటింట్లోకి వెళ్లే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడిగించేది.

పది ఆదివారాల తర్వాత ఆ ఇంజన్ తిరిగింది. మామయ్యకు దాని చప్పుడు వినబడదు. ఇంజన్ పీట మీద వేలి కొస ఆనించి, కళ్లు మూసుకుని, "సప్పుడు ఎట్లున్నది బిడ్డా?" అని అడిగారు. ఎక్కడో ఒక దెబ్బ తేడాగా పడుతోందన్నాను. ఆయన ఒక మర చూపించి పావు చుట్టు బిగించమన్నారు. బిగించాను, దెబ్బలు ఒకే తీరుగా పడ్డాయి. ఆనాటి నుంచి ఆయన అనుభవానికి నా చేతులూ నా చెవులూ తోడయ్యాయి.

తర్వాత ఇలాంటి ఇంజన్లను వెతకడమే మా వ్యసనమైంది. ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి ఆవరణలో పాతవస్తువులు అమ్మేచోట, బొల్లారంలో బంగళాలు ఖాళీ చేసేటప్పుడు, జనరల్ బజారు గడియారాల దుకాణాల్లో కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టే వస్తువుల్లో కూడా వెతికేవాళ్లం. దొరికిన ప్రతి ఇంజనుకూ నేను అసలు కొలతతో ట్రేసింగు గుడ్డ మీద బొమ్మ గీసేదాన్ని. పోయిన భాగం ఉంటే, ఆ బొమ్మ పట్టుకుని రాణిగంజ్‌లో లేత్ మిషన్ నడిపే మేస్త్రి దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆ మేస్త్రి మొదట్లో మామయ్యతోనే మాట్లాడేవాడు. పోనుపోను, "అమ్మా, గీ కొలత ఖాయమేనా?" అని నన్నే అడగడం షురూ చేశాడు.

మా పేరు ఎలా పాకిందో గాని, ఒకరోజు తిరుమలగిరి నుంచి రిటైరైన కర్నల్ గారొకరు జీపులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. చిన్నప్పుడు ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి కట్టుకున్న గజమున్నర పొడవు పడవ ఒకటి ఉందట. ఇంజన్ కొన్నది, బాయిలర్ మాత్రం తమ్ముడు స్వయంగా చేసింది. ఆ తమ్ముడు ఇరవై నిండకుండానే జబ్బుచేసి పోయాడు. వాళ్ల అమ్మగారికి ఎనభై నిండుతున్నాయి, ఆ రోజు బంధువులందరి ముందూ చిన్నకొడుకు పడవ నడవాలని ఆవిడ కోరిక. మామయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంతా విని, "మా కోడలు జేస్తది సార్" అన్నారు. కర్నల్ గారు నావైపు చూసి, "అమ్మాయి సాయం చేస్తే చేయనివ్వండి, పని మాత్రం మీరే చేయాలి" అన్నారు. నా చెవులు వేడెక్కాయి. మామయ్యకు ఆ మాట వినబడిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఇంజన్ తేలిగ్గానే దారికొచ్చింది. బాయిలర్‌ను నేను అద్దంలా మెరిపించాను, దాని చుట్టూ అందానికి బిగించిన సన్నటి చెక్కపట్టీలను కూడా నూనె రాసి నిగనిగలాడించాను. గడువు ఇంకా మూడు వారాలే. ఇచ్చేద్దామన్నాను. మామయ్య ఒప్పుకోలేదు. చన్నీళ్ల పరీక్ష చేయందే ఇవ్వనన్నారు. బాయిలర్ నిండా నీళ్లు నింపి, పంపు స్టవ్వు పంపును మార్చి తయారుచేసుకున్న చిన్న పంపుతో, మామూలుగా ఉండే ఒత్తిడికి రెట్టింపు ఎక్కించడం ఆ పరీక్ష. నీళ్లయితే పగిలినా కారిపోతాయి, అదే ఆవిరైతే పేలుతుంది. పరీక్ష చేయాలంటే నేను అంత అందంగా చేసిన చెక్కపట్టీలన్నీ ఊడదీయాలి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చూడ్డానికి గట్టిగానే ఉంది కదా అని వాదించాను.

అప్పుడు, ఆ ఒక్కసారి మాత్రం, ఆయన చిన్న గొంతుతో మాట్లాడారు. "నేను రైల్వేల చేరకముందు ఒక మిల్లుల చేసిన బిడ్డా. బాయిలర్ చూడనీకి మంచిగనే ఉన్నదని మా మేస్త్రి పరీక్ష ఆపిండు. నా దోస్త్ ఆ పొద్దు పొయ్యి కాడ ఉన్నడు. ఇంటికి రాలే."

పట్టీలు ఊడదీశాను. నేను పంపు కొడుతుంటే ఆయన ఒత్తిడి చూపే గేజి ముల్లు చూస్తూ కూర్చున్నారు. రెట్టింపు మాట అటుంచి, మామూలు ఒత్తిడి దాటీ దాటకముందే చెక్కల కిందుండిన అతుకులోంచి సూదిలాంటి నీటిధార చిమ్మి నా చీర తడిపింది, బాయిలర్ చివరను మూసే పలక అప్పడంలా ఉబ్బింది. చెక్కల కింద ఏళ్ల తరబడి చేరిన తడికి ఇత్తడి పసుపుదనం పోయి గులాబి రంగుకు తిరిగి పెళుసెక్కింది. పరీక్ష చేయకపోయి ఉంటే దాన్ని నేనే పదిమంది ముందు, ఒక ముసలావిడ కుర్చీకి అయిదడుగుల దూరంలో, మంట పెట్టి వెలిగించేదాన్ని. ఆ తలపుకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కబురందుకుని వచ్చిన కర్నల్ గారు ఉబ్బిన పలక చూసి మండిపడ్డారు. "నా తమ్ముడి చేతిపని పాడుచేశారు! బాగుచేయమంటే పగలగొడతారా? అన్నీ మూటగట్టి ఇచ్చేయండి, నేనింకెక్కడైనా చూసుకుంటాను" అన్నారు. మామయ్య సమాధానం చెప్పబోతుంటే నేనే ముందుకు వెళ్లాను. అంతవరకూ మగవాళ్ల మాటల మధ్య నోరు విప్పిందాన్ని కాను. బాయిలర్ ఆయన చేతిలో పెట్టి, "ఆ గులాబి రంగున్న చోట బొటనవేలితో నొక్కండి సార్" అన్నాను. నొక్కారు. అంచు బిస్కెట్ ముక్కలా విరిగి ఆయన అరచేతిలో పడింది.

"మీ తమ్ముడు చేసిన పొగగొట్టం, మూత, సేఫ్టీ వాల్వు అన్నీ గట్టిగా ఉన్నాయి. కొత్త బాయిలర్ రాగితో చేసి, అవన్నీ దానికే అతుకుతాను. ఆయన పని ఎక్కడికీ పోదు" అన్నాను.

"ఎవరు చేస్తారు?" అన్నారాయన.

"నేనే."

కర్నల్ గారు మామయ్యను చూశారు, మామయ్య నన్ను చూస్తున్నారు. చివరికి ఆ ముక్కను జేబురుమాలులో చుట్టుకుని, "తారీకు మాత్రం మారదమ్మా" అని వెళ్లిపోయారు.

బిందెలు చేసే కంచరివాళ్ల దగ్గర రాగి రేకు తెచ్చాం. ఆఫీసుకు పది రోజులు సెలవు పెట్టాను. రేకు చుట్టి, అతుకుల మీద వెండి టంకం పరిచి, బ్లో ల్యాంపు మంటలో ఆ టంకం నీళ్లలా కరిగి సందులోకి ఒక్క పరుగున పాకే క్షణం కోసం ఊపిరి బిగబట్టుకుని చూసేదాన్ని. మొదటిది అతుకు కుదరక పారేశాను. రెండోది రెట్టింపు ఒత్తిడికి చుక్క కూడా కారకుండా నిలబడింది. మామయ్య గేజి మీదనుంచి చూపు తీయకుండా, "ఇప్పుడు మంట పెట్టు బిడ్డా" అన్నారు. నాకు ఏ పరీక్షలోనూ అంతకన్నా మంచి మార్కులు రాలేదు.

అమ్మగారి పుట్టినరోజు సాయంత్రం తిరుమలగిరిలో కర్నల్ గారి తోటలో, హౌజు చుట్టూ బంధువులు నిలబడ్డారు. అమ్మగారు కుర్చీలో కూర్చున్నారు. నేను నీళ్లు పోసి, స్పిరిటు దీపం వెలిగించి, గేజి ముల్లు కదిలేదాకా హౌజు గట్టున మోకాళ్ల మీద కూర్చున్నాను. మొదట ఇంజన్ నీళ్లు కక్కి ఆగింది, ఎవరో నవ్వారు. చక్రాన్ని వేలితో రెండు చుట్లు తిప్పాను. మూడో చుట్టు అదే తిరిగింది. పడవ నా చేతిలోంచి తప్పించుకుని, నీళ్లను చీల్చుకుంటూ, తెల్లటి ఆవిరి వదులుతూ అవతలి గట్టుకు వెళ్లిపోయింది.

"సప్పుడు ఎట్లున్నది?" అన్నారు మామయ్య.

"ఒక్క తీరుగ ఉన్నది మామయ్యా, ఏడ తప్పుతలేదు."

కర్నల్ గారు అందరికీ మామయ్యను చూపిస్తూ, ఈ పెద్దాయన వల్లే ఇది సాధ్యమైందన్నారు. మామయ్య తల అడ్డంగా ఊపి, తనకున్న ఆ గొంతుతో, "నేను గాదు సార్! మా కోడలు జేసింది! బాయిలర్ మొత్తం ఆమె చేతి పనే!" అన్నారు. తోట బయట రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినబడి ఉంటుంది. కర్నల్ గారు నా దగ్గరికి వచ్చి చేతులు జోడించారు. అమ్మగారు నన్ను పిలిపించుకుని, చెవి దగ్గర రహస్యంలా, "మా చిన్నాడు ఉన్నప్పుడు కూడా ఇంత బాగా నడిచి చావలేదమ్మా ఇది" అని, నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

ఆ తర్వాత వైజాగు నుంచీ మద్రాసు నుంచీ కూడా మనుషులు ఇంజన్లు మోసుకొచ్చారు. మామయ్య బతికున్నంతకాలం చేశాం, ఆయన పోయాక కొన్నాళ్లు ఒక్కదాన్నే చేశాను. ఇప్పుడు చూపు ఆనక మానేశాను. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, మా చేతుల మీదుగా వెళ్లిన ఒక్క బాయిలరూ కారలేదని గర్వంగానే రాస్తున్నాను.

స్టేషనులో ఆవిరి ఇంజన్లు పోయాయి, వాటితో బాయిలర్ మేకర్లూ పోయారు. కంప్యూటర్లు వచ్చి ట్రేసర్లనూ పంపించేశాయి. మామయ్య ఉద్యోగం, నా ఉద్యోగం, రెండూ ఇవాళ పిల్లలకు విప్పి చెబితే తప్ప అర్థం కావు. బొమ్మ పడవలు ఇప్పుడూ ఉన్నాయి, మీట నొక్కగానే పరుగెత్తుతాయి, అదీ మంచిదే. మా రోజుల్లో మాత్రం దీపం వెలిగించాక నీళ్లు మరిగి ఆవిరి తయారయ్యేదాకా ఎవరూ ఏమీ చేయడానికి ఉండేది కాదు. గట్టు మీద పక్కపక్కన కూర్చుని ఎదురుచూడటమే. మామయ్య తన బతుకంతా నాకు చెప్పింది అలాంటి ఎదురుచూపుల్లోనే, కొంచెం కొంచెంగా, వీధంతా వినబడేట్టు.