పలక లేని టేబులు

మా వీధికి ఇన్నాళ్ళకు రోడ్డు పడుతోంది. మరుగుతున్న తారు వాసనకు ఇరుగుపొరుగు వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నేను మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ వాసనకు నాకు రంగమ్మ గారు గుర్తొస్తారు. మనుషులు మల్లెపూలకో, అగరువత్తులకో గుర్తొస్తారంటారు. ఆవిడ అంత సుకుమారం కాదు.

ఎమ్మిగనూరులో కామర్స్ లెక్చరరుగా చేరిన కొత్తలో ఆవిడ మేడగదిలో అద్దెకుండేవాణ్ణి. అది ఒకప్పుడు చేనేత వాళ్ళ ఇల్లు. మధ్యలో గోడ లేపి రెండు చేశారు. ఇటు సగంలో రంగమ్మ గారు, అటు సగంలో ఆవిడ తోడికోడలు పార్వతమ్మ. వాళ్ళ భర్తలు భాగాలు పంచుకున్నప్పుడు తండ్రి నేసిన మగ్గాన్ని కూడా వదల్లేదు. గుంజలు అన్నకు, నేసేవాడు కూర్చునే పలక తమ్ముడికి. భాగస్వామ్య రద్దు గురించి నేను ఏటా పాఠం చెప్పేవాణ్ణి గానీ, ఇంత సమానమైన పంపకం ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఆ తరువాత ఇద్దరిలో ఎవరూ నేయలేకపోయారు. కొన్నేళ్ళకు ఇద్దరూ పోయారు. పేచీ మాత్రం ఆరోగ్యంగానే ఉంది. సాయంత్రాలు తోడికోడళ్ళిద్దరూ ఎవరి గడప ముందు వాళ్ళు, టీ గ్లాసు నేల మీద పెట్టుకుని, చెరో దిక్కు చూస్తూ కూర్చునేవారు.

ఒక ఆదివారం రంగమ్మ గారు తన వాటా గుంజల్ని వాకిట్లోకి లాగి, వడ్రంగిని అడిగి తెచ్చిన రంపం పట్టుకున్నారు.

"పట్టుకో సారూ, కదలనియ్యద్దు."

"ఏం చేస్తున్నారండీ?"

"టేబులు. బయట టీ గ్లాసు పెట్టుకోనీకి."

"ఇంట్లో ఒకటి ఉంది కదా?"

"నా ఇంట్లోకి పార్వతి రాదు. దాని ఇంట్లోకి నేను పోను. బయటైతే ఎవురిదీ కాదు గదా." గొంతు తగ్గించారు. "వయసైపాయ సారూ. దాంతో ఒగ మాట మాట్లాడకుండానే పోతానేమోనని దిగులు."

కాళ్ళు కోసి, చుట్టూ పట్టీలు బిగించాం. నేను కొట్టిన మేకులు నాలుగు దిక్కులా చూశాయి. ఆవిడ సుత్తి వెనక్కి తీసుకున్నారు. తడి ఎక్కకుండా, చెద పట్టకుండా కాళ్ళ అడుగున తారు పూశారు. వారం రోజులు ఆవిడ ఇచ్చిన టీలో కూడా అదే వాసన. టేబుల్ని తెచ్చి సరిగ్గా రెండు గడపలకూ మధ్యన నిలబెట్టారు. కాళ్ళున్నాయి, పట్టీలున్నాయి, పైన ఏమీ లేదు.

"ప్లైవుడ్ ముక్క తెస్తాను," అన్నాను.

"వద్దు. పలక ఉండాది."

"ఎక్కడ?"

ఆవిడ గడ్డంతో పక్కింటి తలుపు చూపించారు.

వీధిలో వాళ్ళకు కాలక్షేపం దొరికింది. "ఏం రంగమ్మక్కా, గాలి పెట్టుకోనీకి చేసినావా టేబులు?" అని ఒకాయన నవ్వాడు. "నీ తెలివి పెట్టుకోనీకిలే అప్పా, బరువుండదు గదా," అన్నారావిడ. పార్వతమ్మ రోజూ ఆ కాళ్ళను చూసేది, లోపలికి పోయేది. రంగమ్మ గారు ఆ తలుపును చూసేవారు.

తొలివాన మధ్యాహ్నం పడింది. నేను మెట్ల మీద ఉన్నాను. పక్కింటి తలుపు ధడాలున తెరుచుకుంది. పలకను నెత్తికి గొడుగులా పట్టుకుని పార్వతమ్మ వచ్చింది.

"కట్టె నానుతాంటే సూసుకుంటా కూసున్నావు, బుద్ధుండాదా అక్కా నీకు?"

అన్నేళ్ళ తరువాత తిట్టు తిని అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"నీ కోసరమే సూస్తాండా పార్వతీ."

"మామ కూసున్న పలక ఇది. దీని మింద ఎంగిలి గ్లాసులు పెడతావా?"

"మామ కూసున్నప్పుడు మటుకు శానా మడిగా ఉండెనా?"

ఇద్దరూ తడుస్తూ నవ్వారు. పలక అటువైపు జానెడు పొడుగొచ్చింది. కోసేద్దామా అన్నాను. "కొయ్యద్దు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. వాన వెలిశాక దాని మీద మొదటి రెండు గ్లాసులు పెట్టారు. నాది నేల మీదే.

రంగమ్మ గారు ఇప్పుడు లేరు. టేబులు అక్కడే ఉందట. పార్వతమ్మ ఏటా వానలకు ముందు దాని కాళ్ళకు తానే తారు పూస్తుందట.

నిన్నటి నుంచి మా ఆవిడకూ నాకూ మాటల్లేవు. ఇందాక టీపొడి, చక్కెర వేసి నీళ్ళు మరిగించి, పాలు పోయకుండా పొయ్యి మీదే వదిలేసి, ఇలా వచ్చి వాకిట్లో కూర్చున్నాను. పాలు ఎక్కడుంటాయో తెలియక కాదు. పక్కన ఇంకో కుర్చీ కూడా వేశాను.

లోపల ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైంది.