రబ్బరు గీసే వీరుడు

మా ఇంట్లో బట్టలుతికే యంత్రం మొరాయిస్తే, మొన్న మూట కట్టుకుని ఇక్కడ మలయాలో మా బంటింగ్ బజారులో ఉతుకుడు కొట్టుకి వెళ్లాను. చిల్లర సంచీ తడిమి ఒక బిళ్ళ వేస్తే యంత్రం వెంటనే కక్కేసింది. కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, చిలీ దేశపు నాణెం! ఎత్తు కాలరు, గుబురు చెంపజుట్టుతో ఎవరో సేనాపతి. ఓడల్లో పనిచేసిన మా తమ్ముడు ఒకసారి దక్షిణ అమెరికా రేవుల నుంచి ఇలాంటివి గుప్పెడు తెచ్చి, సుంగై సిపుట్‌లో మా మావయ్య ముందు గుమ్మరించాడు. అందులో మిగిలిందిది.

మావయ్య బతుకంతా అక్కడి తోటలో రబ్బరు పాలు తీశాడు. గుప్పెట్లోని వీరుల్నీ, వాళ్ల దేశపు పూలచెట్లనీ పక్కకి నెట్టేసి, ఒక పాత బ్రెజిల్ బిళ్ళ దగ్గర ఆగిపోయాడు. దాని మీద ఒక మనిషి రబ్బరు చెట్టుకి గాటు పెడుతున్నాడు. నిజానికి ఆ చెట్టు పుట్టిల్లు ఆ దేశమే. మా తాతలు విశాఖ వైపు నుంచి వచ్చినట్టే అదీ అక్కడి నుంచి మలయాకి వచ్చింది. మావయ్యకి ఆ సంగతితో పనిలేదు. డబ్బు మీద రాజులూ వీరులే ఉంటారన్నది ఆయన నమ్మకం.

"సూసినావా అమ్మీ, ఆ దేశంలో సెట్టు గీసినోడే ఈరుడు లా," అన్నాడు నాతో, మలయాలో అందరూ మాట చివర తగిలించే 'లా' తగిలించి.

"ఈరుడు కాదు మావయ్యా, ఉత్త కూలోడు. కూలోళ్ల బొమ్మలు కూడా ఏస్తారు," అని తమ్ముడు చెప్పి చూశాడు. మావయ్య వినలేదు. బిళ్ళని చొక్కా జేబులో వేసుకుని, కాఫీ కొట్లో కనబడినవాడికల్లా చూపించేవాడు. జనం ఆయన వెనక నవ్వుకునేవారు. తరవాత తోటలో రబ్బరు కొట్టేసి పామాయిల్ వేశారు. ఆయన పని పోయింది గానీ, బిళ్ళ చూపించడం మానలేదు.

నిరుడు మావయ్య పోయాడు. పోయినవాళ్ల నుదుట నాణెం అంటించడం మావాళ్ల ఆచారం. ఆయన అల్లుడు మందారప్పువ్వున్న మన మలయా బిళ్ళ ఒకటి కడిగి సిద్ధంగా పెట్టాడు. అత్త కొంగుముడి విప్పి బ్రెజిల్ బిళ్ళ తీసింది.

"పరాయి దేశం డబ్బు ఏటికత్తా? అక్కడ సెల్లదు," అన్నాడు అల్లుడు.

అత్త ఏడవలేదు. "మన డబ్బు మీద ఆరి లాటి మడిసి ఏడీ?" అంది.

అల్లుడు మందారాన్ని జేబులో వేసుకున్నాడు. అత్త పసుపు తడిపి, చెట్టూ మనిషీ పైకి కనబడేలా అంటించింది. అంతసేపూ గట్టిగానే ఉన్నదాన్ని, అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

యంత్రం కక్కిన సేనాపతిని తిరిగి సంచీలో వేసుకున్నాను. ఏ దేశపు వీరుడో, ఇన్నేళ్లూ నా చిల్లరలో పడి ఉన్నాడు. మా వీరుణ్ణి మాత్రం కాలం ఒక్క పూటలో పట్టుకుపోయింది.